బాలానగర్‌లో ఒక కార్మిక చట్టాల సలహా కార్యాలయం: సంతకం పెట్టేముందు వెళ్లదగిన చోటు

మా బావగారు పనిచేసే బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కర్మాగారంలో ఒక బ్లాకును మూసివేసి, రియాక్టర్లను వేరే యూనిట్‌కు తరలించాలని యాజమాన్యం నిర్ణయించింది. ఆ బ్లాకులోని పర్మినెంటు కార్మికులకు రాజీనామా ముసాయిదానూ ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితాన్నీ ఒకేసారి అందించి, సంతకాలకు తొందర పెట్టారు. ఆ కాగితాలు తీసుకొని మేము వెళ్లింది, కార్మిక శాఖలో పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన బాలానగర్‌లో నడుపుతున్న సలహా కార్యాలయానికి. ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ వైభవాన్నీ పతనాన్నీ చూసిన ప్రాంతం కాబట్టి, వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ పథకం) అంటే ఏమిటో ఇక్కడివారికి కొత్తగా చెప్పనక్కరలేదు.

ఆయన చట్టం గురించి ఉపన్యాసమివ్వలేదు. ముసాయిదాలో సొంత కారణాలతో మానేస్తున్నట్లున్న వాక్యం చుట్టూ పెన్సిలుతో గీత గీసి, “దీని మీద సంతకం పెడితే మిమ్మల్ని ఎవరూ తీసెయ్యనట్టే లెక్కండీ” అన్నారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ప్రకారం, కనీసం ఏడాది పాటు ఎడతెగని సర్వీసున్న కార్మికుణ్ణి తొలగించాలంటే నెల రోజుల నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ, పూర్తయిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. నైపుణ్య శిక్షణ నిధి నుంచి మరో పదిహేను రోజుల వేతనం కార్మికుడి ఖాతాలో పడాలి. తన ఇష్టంతో రాజీనామా చేసినవారికి ఇవేవీ వర్తించవు. గ్రాట్యుటీ వీటికి అదనం. మూలవేతనం, కరువు భత్యం కలిపి 26,000 రూపాయలు, సర్వీసు 12 ఏళ్లు అనుకుంటే అది 1,80,000 అవుతుందని కాగితం మీద వేసి చూపించారు. సెటిల్‌మెంట్ కాగితంలో మాత్రం అన్నిటినీ కలిపి ఒకే మొత్తంగా రాశారు. దేని కింద ఎంత ఇస్తున్నారో విడివిడిగా రాసివ్వాలని కోరుతూ యాజమాన్యానికి పంపవలసిన లేఖను ఆయన అక్కడికక్కడే టైపు చేయించారు.

మరో సంగతి కూడా దాచకుండా చెప్పారు. 1947 నాటి కేంద్ర చట్టంలో 100 మంది లేదా అంతకు మించి పనిచేసే కర్మాగారాల్లో తొలగింపులకు ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరమయ్యేది. ఇప్పుడా పరిమితి 300కు పెరిగింది కనుక, మా బావగారి కర్మాగారం వంటి మధ్యతరహా యూనిట్లలో ఆ అడ్డుకట్ట లేదు. లేని ఆశ కల్పించి ఫీజు గుంజే పద్ధతి ఆయనకు లేదు.

లోపాలూ ఉన్నాయి. లేఖలన్నీ ఇంగ్లిషులోనే తయారవుతాయి. తెలుగు ప్రతి అడిగితే నోటితో చెప్పి సరిపెడతారు. తన పేరుతో వెళ్తున్న లేఖను తాను చదువుకోలేని ఆపరేటరుకు ఇది చిన్న ఇబ్బంది కాదు. అదే బ్లాకులో డ్రమ్ములు మోసే కాంట్రాక్టు కార్మికులు వచ్చినప్పుడు, కాంట్రాక్టరు ఇచ్చిన పే స్లిప్పులు, పీఎఫ్ వివరాలు తెమ్మని క్లుప్తంగా చెప్పి పంపేశారు. వారికి ఇంకాస్త సమయం ఇవ్వవలసింది. రాజీ చర్చలకు లేబర్ ఆఫీసుకు ఆయన తోడు రారు, లేబర్ కోర్టుకు వెళ్లాలంటే న్యాయవాదిని వేరుగా చూసుకోవాలి.

సాయంత్రం షిఫ్టు వదిలే వేళ బాగా రద్దీగా ఉంటుంది కాబట్టి ఉదయం వెళ్లడం మంచిది. అపాయింట్‌మెంట్ లెటరు, చివరి మూడు నెలల పే స్లిప్పులు, యాజమాన్యం ఇచ్చిన కాగితాలు, అన్నిటికీ జిరాక్సులతో సహా తీసుకెళ్లండి.