తొమ్మిది రాత్రుల కాశీలో ఒక పూట కళాభవన్‌కి

తొమ్మిది నిద్రలు చేద్దామని కాశీ వెళ్లే మనవాళ్లు బనారస్ హిందూ విశ్వవిద్యాలయం (బీహెచ్‌యూ)లోకి వెళ్లేది లోపలున్న కొత్త విశ్వనాథ మందిరం కోసమే. దర్శనం అవగానే అదే ఆటోలో వెనక్కి వచ్చేస్తారు. అదే ప్రాంగణంలో భారత్ కళాభవన్ అనే మ్యూజియం ఉంది. రెండోసారి పడవ ఎక్కాలనుకున్న పూటను దీనికివ్వండి.

1920లో రాయ్ కృష్ణదాస్ మొదలుపెట్టిన సేకరణ ఇది, 1950లో విశ్వవిద్యాలయానికి చేరింది. వస్తువులు లక్ష పైమాటే. కళాచరిత్ర, మ్యూజియాలజీ (మ్యూజియంల నిర్వహణ శాస్త్రం) చదివే పిల్లలకు ఇదే అసలు తరగతి గది. గుప్తుల కాలపు కార్తికేయుడి ముందు పది నిమిషాలు నిలబడితే ఎందుకో తెలుస్తుంది. నెమలి ఎదురుగా మనవైపే చూస్తుంటుంది. దాని మెడకు చెరోవైపున పసివాడి కాళ్లు వేలాడుతుంటాయి. విప్పిన పింఛమే వెనక ప్రభావళి అయింది. వాహనాన్నే మకరతోరణంగా మలిచిన ఆ ఆలోచన ఫొటోలో సగమే అందుతుంది.

సూక్ష్మచిత్రాల (చిన్న కాగితాల మీది మినియేచర్ బొమ్మల) దగ్గర మాత్రం తొందరపడొద్దు. "లైట్లు సరిగ్గా లేవు" అని చాలామంది విసుక్కుంటారు కానీ, కాగితం మీది రంగులకు వెలుతురే శత్రువు. వాటి మీద 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి పడకూడదని మ్యూజియంల లెక్క. వెలిసిన రంగు మళ్లీ రాదు. ఐదు నిమిషాలు ఆగితే కళ్లు అలవాటుపడతాయి, అప్పుడు ఒక్క వెంట్రుక మందాన గీసిన గీతలు కనబడతాయి. దగ్గరి చూపు కళ్లద్దాలు మరిచిపోకండి.

ఎక్కువమంది దెబ్బతినేది రోజు దగ్గర. ఆదివారం మూసేస్తారు, విశ్వవిద్యాలయం సెలవుల్లోనూ అంతే. దసరా, దీపావళి రోజుల్లో వెళ్లేవాళ్లు ముందే కనుక్కోవాలి. ఎండాకాలంలో వేళలు పొద్దుటికి మారతాయి, కాబట్టి అప్పుడు భోంచేసి బయల్దేరితే మూసిన తలుపులే కనిపిస్తాయి. బీహెచ్‌యూ ముఖద్వారమైన లంక గేటు దగ్గర దిగి నడుద్దామనుకోవద్దు. ప్రాంగణం దాదాపు 1,300 ఎకరాలు, పెద్దవాళ్లుంటే ఈ-రిక్షా తప్పనిసరి. పరిశోధన పని మీద వెళ్లేవారు తమ శాఖ నుంచి ఉత్తరం తీసుకుని ముందుగా మ్యూజియానికి రాసుకోవడం మేలు.

సారనాథ్ మ్యూజియంతో పోలిస్తే? నాలుగు సింహాల స్తంభశీర్షం ఉన్నది అక్కడ. ఒక్క మ్యూజియానికే వ్యవధి ఉంటే అక్కడికే వెళ్లాలి. అది శుక్రవారం మూసి ఉంటుంది. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఊరికి ఆ చివర, ఈ చివర అయి ట్రాఫిక్‌లోనే పొద్దు గడిచిపోతుంది.

బసకు మానససరోవర్ ఘాట్, పాండే హవేలీ వైపు ఆంధ్రా ఆశ్రమాలే మనకు హాయి: మన భోజనం, మన మాట. కార్తికంలో, శివరాత్రికి గది దొరకడం కష్టం, ముందే రాసుకోవాలి. దొరక్కపోతే అస్సీ వైపు లాడ్జి చూసుకోండి. ఊళ్లోని పాత విశ్వనాథుడి గుడికి దూరమవుతుంది గానీ బీహెచ్‌యూకి దగ్గర.