నయీంనగర్‌లో మా కేబుల్ కనెక్షన్: బొమ్మ బాగానే వస్తుంది, ఏ బొమ్మ అన్నదే పేచీ

హనుమకొండ నయీంనగర్‌లో ఆరేళ్లుగా వాడుతున్న మా కేబుల్ కనెక్షన్‌కు ఐదుకు మూడు మార్కులు ఇస్తున్నాను. ఆ మూడూ బొమ్మకూ మరమ్మతుకూ. నెలకు మూడు వందలు తీసుకుంటారు గానీ, గాలివానకు తీగ తెగితే మరునాడు పొద్దెక్కేలోపు కుర్రవాడు నిచ్చెనతో సహా స్తంభం దగ్గర ఉంటాడు. 2023 జులై వరదల్లో నాలా పొంగినప్పుడు ఏ గల్లీలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో మాకు చూపింది వీళ్ల లోకల్ ఛానెలే. ఆ మేలు మరువలేను.

తగ్గించిన రెండు మార్కుల సంగతి వేరు. బాక్సు ఆన్ చేయగానే, మనం ఏ మీటా నొక్కకముందే, ఒక వార్తా ఛానెల్ తనంతట తానే మొదలవుతుంది. ల్యాండింగ్ పేజీ అని పిలిచే ఈ చోటును ఛానెళ్లు డబ్బు కట్టి కొనుక్కుంటాయి. టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 డిసెంబరులో దీనికి అడ్డుకట్ట వేయబోతే, 2019లో టెలికాం ట్రిబ్యునల్ ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. మా అమ్మకు కళ్లద్దాలు, ఆపైన రిమోట్ దొరికేసరికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో చెవిన పడ్డ వార్తలే సాయంత్రం అరుగు మీద మా వీధి అభిప్రాయంగా తేలుతాయి. చట్టం ప్రకారం తప్పనిసరిగా ఇవ్వాల్సిన డీడీ యాదగిరి కూడా ఉన్నది, కాకపోతే వెతికి పట్టుకోవాలి.

మొన్న వేసవిలో నేను రోజూ చూసే ఒక వార్తా ఛానెల్ పన్నెండు రోజులు కనబడలేదు. ఛానెల్‌ను ఆపేముందు పదిహేను రోజుల పాటు తెరపై స్క్రోలింగ్ వేయాలన్నది నిబంధన. మాకు కనిపించిన స్క్రోలింగులన్నీ నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలే. కుర్రవాడిని అడిగితే "పైకెల్లే వస్తలేదు సార్" అన్నాడు. ఆ పైన ఎవరున్నారో అతనికీ తెలియదు. 2014 జూన్‌లో, రాష్ట్రం ఏర్పడిన రోజుల్లోనే, తెలంగాణ కేబుల్ ఆపరేటర్లు టీవీ9నూ ఏబీఎన్ ఆంధ్రజ్యోతినీ నిలిపివేసినప్పుడు, ఆ ఛానెళ్ల మీద కోపమున్న మేమంతా మంచి పని జరిగిందనే అనుకున్నాము. ఏది చూడకూడదో మా తరఫున ఇంకెవరో తేల్చుతున్నారన్న ఆలోచన అప్పుడు రాలేదు, నాకూ రాలేదు.

ప్యాకేజీ విషయం క్లుప్తంగా చెబుతాను. కావలసిన ఛానెళ్లను విడివిడిగా ఎంచుకునే హక్కు 2019 నుంచి ఉన్నా, జాబితా ఇమ్మంటే "ఊరందరికీ ఇదే సార్" అని తమ ప్యాకేజీయే వేశారు.

విసిగి, రెండు వీధుల అవతలి ఆపరేటర్‌కు ఫోన్ చేశాను. ఆయన మర్యాదగా చిరునామా అంతా విని, "మీది వాళ్ల ఏరియా సార్, మేము తీగ గుంజరాదు" అని పెట్టేశాడు.