మూడు రోజుల మాస్టారికి ఏ ఒప్పందం మేలు?

జూన్‌లో కాలేజీలు తెరిచే ముందు పార్ట్ టైమ్ లెక్చరర్లతో మేనేజ్‌మెంట్లు మాట్లాడేది ఎక్కువగా డబ్బు గురించే. వారంలో మూడు రోజులు పాఠం చెబితే మిగతా మూడు రోజులు ఎవరివి అన్న మాట ఆ పూట ఎవరి నోటా రాదు. ఆగస్టు వచ్చేసరికి ఫోన్ మోగుతుంది: "మాస్టారూ, రేపు స్టాఫ్ మీటింగ్. ఒక్క గంట వచ్చి వెళ్ళండి." ఒక్క గంటే. కానీ సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్ళాల్సిన మనిషికి రేవు దగ్గర గోదావరి దాటించే పంటు కోసం ఎదురుచూపు, అటూ ఇటూ ప్రయాణం కలిపి పూటంతా పోతుంది.

మన గోదావరి జిల్లాల్లో ఈ ఉద్యోగాలు చాలావరకు మూడు పద్ధతుల్లో ఉంటాయి: పీరియడ్‌కి ఇంత అని, మూడు రోజులకి కలిపి నెల జీతం అని, రోజూ ఒంటిపూట అని.

పీరియడ్ లెక్కలో సెలవు రోజు నిజంగానే మీది. రమ్మంటే "ఆ గంటకి ఎంతిస్తారు?" అని మొహమాటం లేకుండా అడగొచ్చు. రెండు కాలేజీల్లో చెప్పుకునేవాళ్ళకి ఇది బాగా సరిపోతుంది. చిక్కంతా పాఠం బయట ఉంది. పీరియడ్‌కి 300 చొప్పున వారానికి 12 పీరియడ్లు అనుకుందాం. 3,600 వస్తుంది. ఆ వారం యూనిట్ టెస్ట్ పెడితే 60 పేపర్లు, ఒక్కోదానికి పది నిమిషాలు వేసినా పది గంటలు. ఆ పది గంటలకి పైసా లేదు. పీరియడ్‌కి గంట చొప్పున చూసినా, గంటకు 300 అనుకున్నది 164కి దిగిపోయింది. దిద్దేది ఎప్పుడంటే, ఆ "మీ" రోజుల్లోనే.

రెండో చిక్కు నీళ్ళు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడోది వచ్చిందంటే ఏటి నడుమ లంకల పిల్లలు కాలేజీ మొహం చూడలేరు. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చినప్పుడు చూశాం కదా. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపానుకీ బళ్ళు మూశారు. పాఠం లేదు కాబట్టి పీరియడ్ మాస్టారికి డబ్బూ లేదు. పోయిన రోజులకి బదులు రెండో శనివారం క్లాసు పెడితే మాత్రం అందరికంటే ముందు వచ్చేది ఆయనే.

నెల జీతం ఇక్కడే కాస్త ఊపిరి ఇస్తుంది. అదే పనికి నెలకి 12,000 ఇస్తామన్నారనుకోండి. నాలుగు వారాలూ సవ్యంగా నడిస్తే పీరియడ్ లెక్కలో 14,400 వచ్చేది కాబట్టి 2,400 నష్టం. ఒక వారం వరదకి పోతే పీరియడ్ లెక్కలో మిగిలేది 10,800. అప్పుడు నెల జీతమే నయం. అయితే దీనికి వేరే జబ్బు ఉంది. "నెల జీతం తీసుకుంటున్నారుగా" అన్న ఒక్క మాటతో మీ మంగళవారం, గురువారం, శనివారం అన్నీ వాళ్ళవైపోతాయి. ఇన్విజిలేషన్, పేరెంట్స్ మీటింగ్, ఎండాకాలంలో ఊరూరా తిరిగి అడ్మిషన్ల క్యాన్వాసింగ్. ఈ చివరిదానికి పాఠంతో ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సర్కారీ బళ్ళలోనూ ఇదే గొడవ. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలుంటే చిత్రకళ, వ్యాయామం, పని విద్యలకి పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలి. రాష్ట్రంలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ 2024 డిసెంబరు 7న, శనివారం జరిగింది. తర్వాతది 2025 జూలై 10న, గురువారం. సోమ, బుధ, శుక్రవారాలు వచ్చే మనిషికి రెండూ సెలవు రోజులే. రాకపోతే డ్రాయింగ్ మాస్టారు ఎవరో తల్లిదండ్రులకి తెలియదు, వస్తే ఆ రోజుకి లెక్క ఉండదు.

రోజూ ఒంటిపూట అంటే వినడానికి బాగుంటుంది. మీటింగులన్నీ మీరున్న రోజునే వస్తాయి. కాలేజీ ఉన్న ఊళ్ళోనే ఇల్లుంటే, చిన్నపిల్లలుంటే ఇదే తీసుకోండి. ఏరు దాటాల్సిన వాళ్ళు, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వచ్చేవాళ్ళు దీని జోలికి పోవద్దు. సగం జీతానికి పూర్తి ప్రయాణం చెయ్యాలి.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ బడుల టీచర్ల నిబంధనలు వేరే దారి పట్టాయి. ఫుల్ టైమ్ టీచరుకి బడి అప్పగించగల పని ఏడాదికి 195 రోజుల్లో 1,265 గంటలు. వారంలో మూడు రోజుల టీచరుకి అందులో అయిదింట మూడు వంతులు, అంటే 759. మీటింగులూ ఈ గంటల్లోంచే పోతాయి. మామూలుగా పనిలేని రోజున రావాల్సిందేనని పట్టుబట్టకూడదు. మన విద్యాహక్కు చట్టం కూడా టీచరుకి వారానికి కనీసం 45 గంటలు అన్నప్పుడు పాఠం తయారీని అందులోనే కలిపింది. బడి బయట కూర్చుని చేసేదీ పనే అన్న మాట మనకి కొత్త కాదు.

అందుకే నా ఓటు నెల జీతానికే, కాకపోతే కాగితం మీద ఒక వాక్యం రాయించుకున్నాకే: "పనిలేని రోజున పిలిస్తే మూడు రోజుల ముందు చెప్పాలి, వచ్చిన గంటలు అదే నెలలో పనిరోజు నుంచి తగ్గించాలి, లేదా వాటికి విడిగా చెల్లించాలి." కాగితం ఎందుకంటే, టీచర్లు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని సుప్రీంకోర్టు 1988లో సుందరంబాళ్ కేసులో తేల్చింది. తేడా వస్తే కార్మికుల చట్టం అండగా ఉంటుందని నమ్ముకోలేం. చేతిలో ఉండేది ఆ ఒప్పందమే.

ఆ వాక్యం రాయడానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకోకపోతే నేనైతే పీరియడ్ లెక్కకే పోతాను, పేపర్లు దిద్దడానికి విడిగా రేటు మాట్లాడుకుని.