ముర్గీ చౌక్ పాతబొమ్మల కొట్టు: లెన్సు పట్టుకెళ్ళండి

చిక్కడపల్లి ప్రెస్సులో ముప్పై ఏళ్ళు ఆఫ్‌సెట్ మెషీన్ మీద పనిచేశాను. రంగుల బొమ్మ కనబడితే చెయ్యి జేబులో లెన్సు కోసం పోతుంది. చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌లో, పాత గడియారాలమ్మే గల్లీలో ఉన్న కొట్టుకి మొన్న అలాగే వెళ్ళాను.

గోడకి మూడు ఫ్రేములు. లండన్‌లో 1852 నవంబర్ 18న జరిగిన వెల్లింగ్టన్ డ్యూక్ అంతిమయాత్ర. "టిప్పూ మీదికొచ్చిన దొర, సాబ్" అన్నాడు కొట్టాయన. నిజమే, 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్ళినప్పుడు నిజాం సైన్యం కూడా ఆయన కిందే ఉంది.

మొదటి దాంట్లో డ్యూక్ ఇల్లు ఆప్స్‌లీ హౌస్ దగ్గర కమాను, దాని పక్కగా శవరథం, నల్ల గుడ్డలు కప్పిన గుర్రాలు. వాటర్లూలో పట్టుకున్న ఫిరంగుల కంచు కరిగించి చేసిన రథమట. 12 గుర్రాలు లాగినా దారిలో బురదలో దిగబడిపోయిందట. బొమ్మలో మాత్రం బురద చుక్క లేదు! లెన్సు పెట్టి చూస్తే మెషీన్ అచ్చులో కనబడే రంగు చుక్కల్లేవు, సుద్దతో రుద్దినట్టు గరుకు. అంటే రాతి పలక మీద గీసి తీసిన అసలు పాత అచ్చు. సోల్జర్ కోటు ఎరుపు గీత దాటి బయటికి కారింది, అది కుంచె పని. అంచులో బొమ్మ గీసిన లూయీ హాగ్, దాన్ని ప్రచురించిన అకర్‌మన్ పేర్లున్నాయి. రెండోది సెయింట్ పాల్స్ చర్చి లోపలి దృశ్యం. అదీ అసలుదే, కాకపోతే దాని ఎరుపు వేరు. మన నాలుగు రంగుల మెషీన్‌కి ఈ తేడా రానివ్వం, చేత్తో వేస్తే వస్తుంది. నాకు అదే నచ్చింది.

మూడోదాని మీద లెన్సు పెట్టగానే గులాబీలాగా చుక్కలు. ఆఫ్‌సెట్! "భయ్యా, ఇది మా ప్రెస్సులో తీసినట్టుంది" అన్నాను. వాదించకుండా నవ్వి, గోడ మీంచి దింపేశాడు. రేటు మాత్రం మూడింటికీ ఒకటే చెప్పాడు మరి.

రెండూ కలిపి తొమ్మిది వేలకి ఇచ్చాడు, ఎక్కువ కాదు. ఫ్రేము పని దరిద్రం. వెనక సెల్లోటేపు అంటించి, హార్డ్‌బోర్డు కొట్టాడు. ఇంటికొచ్చి విప్పితే అంచు పసుపెక్కి ఉంది. కొంటే ఫ్రేము లేకుండా అడగండి.

శవయాత్ర హాల్లో పెట్టొద్దని మా ఆవిడ గొడవ, కాబట్టి బొమ్మలు మేడ మీద గదిలో ఉన్నాయి. శుక్రవారం పొద్దున్న వెళ్ళకండి, నమాజు అయ్యేదాకా షట్టరు తీయడు.