సాగర్ నుంచి సోమశిల దాక: ట్రాలీ నడిపే మా బావతో కృష్ణ ఒడ్డున తిరిగినం

దసరా సెలవులకు అక్క, బావ పిట్స్‌బర్గ్ నుంచి నల్గొండకు వచ్చిన్రు, అమ్మ ఎప్పటి నుంచో సాగర్ సాగర్ అంటున్నది, సరే అని కారు మాట్లాడుకొని హాలియా, పెద్దవూర మీదుగ సాగర్ పోయి, అక్కడ ఉండి, అట్నుంచి దేవరకొండ, డిండి, అచ్చంపేట పట్టుకొని కొల్లాపూర్, సోమశిల చూసుకొని వచ్చినం. ఎక్కడ రూం బాగుంది, ఎక్కడ తినొచ్చు, ఏ లాంచీ ఎక్కొచ్చు అని ఫ్రెండ్స్ అడుగుతున్నరు కాబట్టి అంతా ఒక్క దగ్గర రాస్తున్న. పడవల సంగతి ఎక్కువ రాస్తున్నననిపించొచ్చు, దానికి కారణం మా బావ. ఆయన వీకెండ్స్‌ల పెన్సిల్వేనియా ట్రాలీ మ్యూజియంల వాలంటీర్ మోటర్‌మ్యాన్, అంటే పాత ట్రాం బండ్లల్ల జనాన్ని ఎక్కించుకొని తిప్పుతడు. ఆయన పక్కన ఉంటే ఏ రైడ్ ఎక్కినా మన చూపే మారిపోతది.

ముందు రూం గురించి. హిల్ కాలనీల టూరిజం వాళ్ల విజయ విహార్ కోసం చూసినం, పండగ రష్‌ల దొరకలేదు. నీళ్లు కనపడే రూం అంటే అదే, ముందే బుక్ చేసుకోండి. మాకు దొరికిన ప్రైవేట్ లాడ్జిల మంచాలు శుభ్రంగనే ఉన్నయి గానీ పొద్దున వేడినీళ్లు రాలేదు, పైగా బాల్కనీ రెయిలింగ్ చెయ్యి పెడితే ఊగుతున్నది. కౌంటర్ల అబ్బాయికి చెప్తే "అటు పోకుండ్రి సార్" అన్నడు. పిల్లలున్న ఇంట్ల ఆ మాట సరిపోదు కదా, తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టి కుర్చీ అడ్డం పెట్టినం. తిండికి మాత్రం ఇబ్బంది లేదు, జొన్న రొట్టె, నాటుకోడి పులుసు రోడ్డు మీదనే మంచిగ దొరికినయి, చేపల ఫ్రై ఎక్కడైనా సరే కళ్ల ముందు వేయించి ఇచ్చే దగ్గర్నే తినండి.

డ్యాం గురించి మన జిల్లావాళ్లకు కొత్తగ చెప్పేదేముంది, 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది రాయి వేసిన్రు, 1967ల ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలిన్రు, 26 గేట్లు. మేం పోయినప్పుడు కొన్ని గేట్లు ఎత్తి ఉన్నయి, బ్రిడ్జి మీద కార్లు ఆపి సెల్ఫీలు దిగేటోళ్లతోని అడుగు తీసి అడుగు పెట్టలేకపోయినం.

బుద్ధవనంకి పొద్దున్నే పోవాలె, ఎండెక్కితే 274 ఎకరాల జాగల నడవలేరు. 2022 మేల మొదలైంది ఇది. అమరావతి స్థూపం లెక్క కట్టిన మహాస్థూపం లోపల నిలబడి ఒక్కసారి పైకి చూడండి, అమ్మ అయితే అరగంట అక్కడే కూసున్నది. టాయిలెట్లు శుభ్రంగ ఉన్నయి, పెద్దవాళ్లతో పోయేటోళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఎత్తిపోతల జలపాతం ఆంధ్ర సైడు, నీళ్లున్నప్పుడు బాగుంటది, గంట చాలు.

ఇగ నాగార్జునకొండ దీవికి పోయే లాంచీ సంగతి. నాగార్జునకొండ అంటే ఒకప్పటి గుట్ట, చుట్టూ లోయంత నీళ్లల్ల మునిగితే పైభాగం దీవిగ మిగిలింది. మునగక ముందే 1954 నుంచి 1960 దాక తవ్వి, ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురిల దొరికినవాటిని కొన్ని ఈ కొండ మీదికి, కొన్ని అనుపుకి తరలించిన్రు. లాంచీ ప్రయాణం నాకు చిన్నప్పటి నుంచి అలవాటే, కానీ బావ ఎక్కేముందు ఏం చూసిండో అది నేనెన్నడూ చూడలేదు. రేవు దగ్గర లాంచీకి, మెట్టుకి మధ్య పలక వేస్తరు కదా, ఆ పలక ఎవరన్న పట్టుకొని ఉన్నరా అని చూసిండు. జాకెట్లు ఎక్కేముందు ఇస్తున్నరా ఎక్కినంక ఇస్తున్నరా, మనుషుల్ని లెక్కపెట్టేటాయన టికెట్లు లెక్కపెడుతున్నడా తలలు లెక్కపెడుతున్నడా అని చూసిండు. ఆ రోజు ఒడ్డు మీదనే జాకెట్లు ఇచ్చిన్రు, ఒకాయన తలలు లెక్కపెట్టిండు, చిన్న పిల్లల్ని కూడ కలిపి. "ఇది కరెక్ట్, టికెట్ లేని పసిపిల్ల కూడ ఒక ప్రాణమే కదా బామ్మర్దీ" అన్నడు బావ. డ్యాం కనపడంగనే అందరూ ఒక్క సైడుకు ఉరికిన్రు ఫోటోలకు, లాంచీ అటు కొంచెం ఒరిగింది, వెంటనే సరంగు, అంటే లాంచీ నడిపేటాయన, మైకుల గట్టిగ చెప్పి సగం మందిని వెనక్కి కూసోబెట్టిండు. కొంతమంది విసుక్కున్నరు. నాకైతే ఆ సరంగుకు దండం పెట్టాలనిపించింది.

దీవి మీద మ్యూజియంల సున్నపురాయి ఫలకాలు చూడ్డానికి టైం తీసుకోండి, తిరుగు లాంచీ కోసం తొందర పెడుతుంటరు గానీ ఆ శిల్పాల్ల మనుషుల ముఖాలు దగ్గరికి పోయి చూడాలె. చిన్న మేళంలాంటి గుంపు ఒకటి చెక్కి ఉన్నది, అందుల ఒకడు పక్కవాడి భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నడు. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటది, ఆ రోజు పోకండి.

రాత్రి లాడ్జి వరండాల కూసొని బావని అడిగిన, నువ్వు ఇట్ల చూసుడు ఎక్కడ నేర్చుకున్నవు అని. మేం పోయినేడు అక్కవాళ్ల దగ్గరికి పోయినప్పుడు ఆయన మ్యూజియం చూసినం కూడ, అది కలిపి రాస్తున్న, ఎందుకంటే పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి మనోళ్లు బొచ్చెడు మంది పోతరు గానీ గంట దూరంల వాషింగ్టన్ అనే చిన్న ఊర్ల ఉన్న ఈ మ్యూజియంకి పోయినోళ్లు తక్కువ. పిట్స్‌బర్గ్ నుంచి ఆ ఊరికి పోయే ట్రాం లైను 1953ల బంద్ అయితే, ఆ బండ్లంటే పిచ్చి ఉన్న కొందరు 1954 ఫిబ్రవరిల మూడు బండ్లను అదే పట్టాల మీద తీసుకొచ్చి దాచిన్రు, 1963 నుంచి జనాన్ని ఎక్కించుడు మొదలుపెట్టిన్రు. పట్టాల వెడల్పు 5 అడుగుల రెండున్నర అంగుళాలు, మామూలు అమెరికా రైలు కంటే ఎక్కువ, మన బ్రాడ్‌గేజ్ కంటే తక్కువ, మామూలు రైలు బండ్లు ఊరి వీధుల్లకు రాకుండ అప్పట్ల అట్ల పెట్టిన్రంట. పైన వైరుల 600 వోల్టుల డీసీ కరెంటు. నడిపేటోళ్లల్ల ఎక్కువ మంది రిటైర్ అయినోళ్లు, టీచర్లు, ఇంజినీర్లు, జీతం లేదు.

జీతం లేదు కదా అని రూల్స్ కూడ లేవనుకునేరు, అక్కడే నేను ఆశ్చర్యపోయిన. రూల్ బుక్ చదివి పరీక్ష రాయాలె, ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండంగ గంటల కొద్దీ నడపాలె, ఒక రకం బండి వచ్చినంత మాత్రాన ఇంకో రకం ఇయ్యరు. పాత బండ్లకు స్పీడు పెంచేందుకు చేత్తో తిప్పే కంట్రోలర్, ఎయిర్ బ్రేక్ హ్యాండిల్ ఉంటయి, 1936ల వచ్చిన పీసీసీ అనే కొత్త రకం ట్రాం బండ్లకు కారు లెక్క కాళ్ల కింద పెడల్స్, రెండింటికీ చెయ్యీ కాలూ వేర్వేరుగ అలవాటు పడాలె. పొద్దున షెడ్డుల నుంచి తీసేముందు బండి చుట్టూ తిరిగి కింద వంగి చూస్తడు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, గంట, లైట్లు, చేతి బ్రేకు. కంప్రెసర్ దడదడమని తిరిగి గేజ్ ముల్లు సరైన దగ్గరికి వచ్చి ఆగే దాక కదలడు, కదిలినంక నాలుగడుగులల్లనే ఒకసారి బ్రేకు వేసి పట్టుతుందా లేదా చూస్తడు. మేమెక్కిన బండిల ఒక ముసలామె దిగలేకపోతుంటే బావ సీటు వదిలి చెయ్యి అందియ్యడానికి వచ్చిండు, వచ్చేముందు బ్రేకు వేసి, బండి ముందుకు పోవాల్నా వెనక్కి పోవాల్నా అని పెట్టే రివర్సర్ హ్యాండిల్ పీకి జేబుల వేసుకున్నడు. నాలుగడుగుల దూరమే, అయినా సరే. ఆ హ్యాండిల్ లేకుంటే ఏ పిల్లగాడు కంట్రోలర్ తిప్పినా బండి కదలదు.

కండక్టర్ రెండు గంటలు కొడితేనే కదలాలె, ఒకటి కొడితే ఆపాలె, నిలబడి ఉన్నప్పుడు మూడు కొడితే వెనక్కి. మన ఆర్టీసీల "రైట్ రైట్" అన్నట్టే గానీ అక్కడ గంట వినపడకుంటే మోటర్‌మ్యాన్ ఊహించుకొని పోడు. లైను చివరికి పోయినంక పైన వైరుకు తగిలే పోల్‌ని తాడుతో గుంజి అటు నుంచి ఇటు తిప్పాలె, ఎందుకంటే పోల్ ఎప్పుడూ వెనక్కి వాలి ఉండాలె, ఎదురుగ ఉంటే వైరు నుంచి జారి పైన కట్టిన తీగల్ని తెంపుతది. ఆ తిప్పేటప్పుడు జనం లోపలనే కూసోవాలె. ఆకులు రాలే కాలంల పట్టాల మీద ఆకులు నలిగి జిగురు లెక్క అయితయంట, అప్పుడు ముందు నుంచే బ్రేకు వేసుకుంటూ, జారితే ఇసుక వదులుతరు. ఎవరైనా సరే, స్టాఫ్ కాకున్నా సరే, పట్టాల పక్క నుంచి గట్టిగ చెయ్యి ఊపితే ముందు ఆపాలె, కారణం తర్వాత.

బావ చెప్పినదాంట్ల నాకు బాగ పట్టుకున్నది ఒకటి. "నేను ఈ రోజు బండి బాగలేదు, తియ్యను అంటే నన్ను ఎందుకని నిలదీసేటోడు ఉండడు, టికెట్ పైసలు వాపస్ ఇస్తరు, అంతే. ఆ మాట అననిచ్చేదాంట్లనే సగం సేఫ్టీ ఉన్నది, మిగిలిన సగం రోజూ అదే పని అదే వరసల చేసుడు." ఇది విన్నంక సరంగులు గుర్తొచ్చిన్రు నాకు. గాలి లేచింది, తియ్యను అంటే మనమే కదా లొల్లి పెట్టేది, పొద్దున్నుంచి లైన్ల నిలబడ్డం, పిల్లలు ఏడుస్తున్నరు అని.

తెల్లారి అచ్చంపేట దాటినంక బ్యాక్‌వాటర్ మీద ఒక చిన్న రేవుకు పోయినం, సోమశిల కాదు, పేరు రాయను. ఇంజిన్ పడవ, ఎంత మంది పడతరు అని బావ అడిగితే "ఎందరొస్తే అందరు" అన్నడు పిల్లగాడు. జాకెట్లు ఉన్నయి, సీటు కింద సంచుల కట్టి ఉన్నయి, ఒకటి తీసి చూస్తే బకిల్ లేదు. మబ్బు పడ్తున్నది, నీళ్ల మీద అలలు తెల్లగ లేస్తున్నయి. బావ మెల్లగ అక్కని పిలిచి వద్దన్నడు, మేం ఎక్కలేదు, పిల్లలు అలిగిన్రు, వాళ్లకు ఒడ్డున మక్కకంకులు కాల్పించినం. పడవ నడిపేటాయనని తిట్టాలని నాకేం లేదు, ఆయనకు ట్రిప్పు పోతే ఆ పూట కూలి పోతది. కానీ మన ఏరియాల ఈ విషయం తేలికగ తీసుకునేది కాదు. 2007 జనవరిల కొల్లాపూర్ సైడు మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైన పోయిన్రు, ఆ ఊర్లల్ల ఇప్పటికీ ఆ పేరు ఎత్తితే మాట్లాడేటోళ్లు ఆగిపోతరు. 2017 నవంబర్‌ల కృష్ణ మీదనే విజయవాడ పక్కన పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబర్ 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర కూడ పడవలు మునిగినయి. ప్రతిసారీ వారం రోజులు జాకెట్లు, లైసెన్సులు అని అంటరు, మళ్ల మామూలే.

సోమశిల మాత్రం పోవాల్సిన జాగ. సాయంత్రం ఘాట్ మెట్ల మీద కూసుంటే నల్లమల గుట్టలు ఎదురుగ కనపడ్తయి, హరిత కాటేజీలు నీళ్లకు దగ్గర, మేమున్నది అందుల్నే, రూం శుభ్రం, భోజనం సాదాగ ఉంది గానీ వేడిగ తెచ్చిచ్చిన్రు. చేపల కూర ఊర్ల ఒక ఇంటి ముందు పెట్టిన చిన్న హోటల్ల తిన్నం, చింతపండు పులుసు, అన్నం ఎంతైనా పెడ్తరు. ఇక్కడ్నుంచి గానీ సాగర్ నుంచి గానీ శ్రీశైలం పోయే లాంచీ నీటి మట్టం ఉన్నప్పుడే నడుస్తది కాబట్టి ఫోన్ చేసి కనుక్కోకుండ బయల్దేరకండి, ముఖ్యంగ ఎండాకాలం.

లాంచీ ఎక్కేటోళ్లు మూడు సంగతులు ఒడ్డు మీదనే అడగండి: ఎంత మందికి పర్మిషన్ ఉంది, జాకెట్ ఇప్పుడే ఇస్తరా, గాలి లేస్తే పైసలు వాపస్ ఇస్తరా. మూడోదే ముఖ్యం, వాపస్ ఇస్తమని చెప్పే దగ్గర నడిపేటాయనకు ఆగే ధైర్యం ఉంటది. పిల్లలకు పెద్దోళ్ల జాకెట్ వేస్తే మెడలకెళ్లి జారిపోతది, చిన్న సైజు లేకుంటే ఆ ట్రిప్పు వదిలేయండి. పిట్స్‌బర్గ్ గుడికి పోయేటోళ్లు పొద్దున దర్శనం, పులిహోర అయినంక మధ్యాహ్నం ట్రాలీ మ్యూజియం పెట్టుకోండి, ఏ రోజుల్ల నడుస్తుందో సీజన్‌ను బట్టి మారుతది, చూసుకొని పోండి. అమ్మానాన్నల్ని తీసుకపోతే ఎక్కే మెట్టు కొంచెం ఎత్తుంటది, ముందే చెప్తే ఒక వాలంటీర్ వచ్చి నిలబడి ఎక్కిస్తడు.