‘డైలీ బ్యాకప్ ఉచితం’ అన్న లైను చూసి హోస్టింగ్ కొనకండి

హోస్టింగ్ ప్లాన్‌లో కనిపించే ఆ బ్యాకప్ చాలాచోట్ల అమ్మేవాళ్ల అవసరం కోసం తీసేది. వాళ్ల సర్వర్ పడిపోతే మళ్లీ లేపుకోవడానికి పనికొస్తుంది. మీ కోడ్ మీరే పొరపాటున చెరిపేస్తే తెచ్చిస్తామన్న హామీ అందులో ఉండదు. డబ్బు కట్టేముందు నిబంధనల పేజీ తెరిచి ‘బ్యాకప్ బాధ్యత కస్టమర్‌దే’ అన్న వాక్యం ఉందేమో వెతకండి. తరచుగా ఉంటుంది.

షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునే ప్లాన్‌లో) అసలు చిక్కు ఫైళ్ల సంఖ్యతో వస్తుంది. ఐనోడ్ పరిమితి (అకౌంట్‌లో ఉండదగ్గ ఫైళ్లు, ఫోల్డర్ల సంఖ్య) దాటిన అకౌంట్లను ఆటోమేటిక్ బ్యాకప్ నుంచి తప్పించే ప్రొవైడర్లున్నారు. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు ప్యాకేజీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను సర్వర్‌లోకి ఎక్కించారంటే అదొక్కటే వేల ఫైళ్లు. సైటు మామూలుగానే నడుస్తుంటుంది, బ్యాకప్ ఆగిన సంగతి అవసరం పడ్డ రోజునే బయటపడుతుంది.

హోస్టింగ్‌ను నడుపుకునే కంట్రోల్ ప్యానెల్ సీప్యానెల్‌లో ‘ఫుల్ బ్యాకప్’ దింపుకుని నిశ్చింతగా ఉన్నారా? ఆ ఫైలును మీ లాగిన్‌తో రీస్టోర్ చేయలేరు, సర్వర్‌పై రూట్ (పూర్తి) అధికారం ఉన్నవాళ్లే చేయాలి. హోమ్ డైరెక్టరీ (మీ ఫైళ్లన్నీ ఉండే ఫోల్డర్), డేటాబేస్ విడివిడిగా దింపుకోండి, వాటిని మీరే ఎక్కించుకోవచ్చు. దింపాక ఆ బ్యాకప్ ఫైళ్లను సర్వర్‌లో ఎవరైనా తెరవగల పబ్లిక్ ఫోల్డర్‌లో మాత్రం వదలొద్దు. ‘బ్యాకప్ డాట్ జిప్’ లాంటి పేర్లను బాట్లు అదేపనిగా వెతుకుతుంటాయి. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ టూల్ వాడే డాట్ గిట్ ఫోల్డర్ బయటికి కనిపించినా అంతే, పాత కమిట్లతో (దాచిన మార్పులతో) సహా కోడంతా పరులపాలు.

అసలు కాపీ, బ్యాకప్ రెండూ ఒకే లాగిన్ కింద ఉంటే ఏమవుతుందో 2014లో కోడ్ స్పేసెస్ అనే కోడ్ హోస్టింగ్ సంస్థకు జరిగింది చూడండి. దాడిచేసినవాళ్లకు అమెజాన్ కంట్రోల్ ప్యానెల్ చిక్కింది. డేటాతో పాటు చాలా బ్యాకప్‌లూ చెరిగిపోయాయి, సంస్థే మూతపడింది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో హోస్టింగ్ సంస్థ ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్లకు రెండూ పోయాయి.

‘మాది గిట్‌హబ్‌లో (గిట్ కోడ్‌ను ఆన్‌లైన్‌లో దాచే సైట్‌లో) ఉందిగా’ అనేవాళ్లకూ ఒక మాట. క్లోన్ చేస్తే, అంటే కాపీ దింపుకుంటే, కమిట్లు వస్తాయి. ఇష్యూలు (నమోదైన సమస్యలు), పుల్ రిక్వెస్టుల (మార్పులు కలపమనే విన్నపాల) మీద చర్చ, సీక్రెట్లు (అక్కడ దాచిన పాస్‌వర్డ్‌లు, కీలు) రావు. మిర్రర్ చేసినా (అన్ని బ్రాంచ్‌లతో, అంటే కోడ్ శాఖలతో, పూర్తి కాపీ తీసినా) గిట్ విడిగా దాచే ఎల్‌ఎఫ్‌ఎస్ పెద్ద ఫైళ్లు రావు, వాటిని విడిగా ‘ఎల్‌ఎఫ్‌ఎస్ ఫెచ్ ఆల్’తో లాగాలి. పైగా మిర్రర్‌ను ప్రూన్ (అక్కడ లేనివాటిని ఇక్కడా తీసేసే ఆప్షన్)తో సింక్ చేస్తుంటే, అక్కడ చెరిపిన బ్రాంచ్ ఇక్కడా చెరిగిపోతుంది. దాన్ని బ్యాకప్ అనలేం.

అందుకే మిర్రర్ క్లోన్ తీసి, కోడ్ చరిత్రంతా ఒకే ఫైలుగా కట్టే ‘గిట్ బండిల్ క్రియేట్’ కమాండ్‌కు ‘ఆల్’ ఆప్షన్ ఇచ్చి రోజుకో ఫైలు తేదీ పేరుతో కట్టండి. కనీసం 30 రోజులవి ఉంచండి. వేరే ప్రొవైడర్ దగ్గర, వేరే పాస్‌వర్డ్‌తో, సర్వర్ నుంచి చెరపడానికి వీల్లేని స్టోరేజీలో పెట్టండి. యూజర్లు అప్‌లోడ్ చేసిన ఫైళ్లు, డేటాబేస్ డంప్, అంటే డేటాబేస్‌ను ఫైలుగా తీసిన కాపీ (మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ రకం టేబుళ్లయితే ‘సింగిల్ ట్రాన్సాక్షన్’ ఆప్షన్‌తో) కూడా వెంట ఉండాలి. పాస్‌వర్డ్‌లు, కీలు ఉండే, గిట్‌లోకి ఎక్కించని డాట్ ఎన్వ్ ఫైలును ఎన్‌క్రిప్ట్ చేసి వేరుగా దాచండి. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారావెల్‌లో ఆ ఫైల్లో ఉండే యాప్ కీ పోతే, దానితో ఎన్‌క్రిప్ట్ చేసిన డేటా డేటాబేస్‌లో ఉన్నా చదవలేరు.

బండిల్‌ను తనిఖీ చేసే ‘బండిల్ వెరిఫై’ కమాండ్ సరే అన్నంత మాత్రాన ఆగిపోవద్దు. ఖాళీ మెషీన్‌లో ఆ బండిల్ నుంచే క్లోన్ చేసి, లాక్ ఫైలు (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండేది) ప్రకారం ప్యాకేజీలు వేసి, డంప్ ఎక్కించి, లాగిన్ పేజీ దాకా వెళ్లండి. 2017 జనవరి 31న గిట్‌హబ్ లాంటి మరో సంస్థ గిట్‌ల్యాబ్‌లో డేటాబేస్ చెరిగినప్పుడు తేలిందేమిటంటే, వెర్షన్ తేడా వల్ల డంప్‌లు అసలు తయారే కావడం లేదు. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు కూడా తిరస్కరణకు గురయ్యాయి. కొత్త ప్రొవైడర్ డబ్బు వాపసు ఇచ్చే గడువు ముగిసేలోపు ఒక ఫైలు చెరిపి, వాళ్లనే తెచ్చివ్వమని అడిగి చూడండి.