ఐ-70 దారిలో గాజు ఊళ్ళు

కొలంబస్ నుంచి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళే తెలుగు కుటుంబాలకు ఐ-70 రహదారి కొట్టినపిండి. కానీ ఆ దారికి దగ్గరలో ఉన్న ఒహాయోలోని నెవార్క్, కేంబ్రిడ్జ్, వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ పట్టణాలు చాలామందికి పెట్రోలు పోయించుకునే మజిలీలు మాత్రమే. అమెరికా ఇళ్ళలో భోజనాల బల్లల మీద మెరిసిన గ్లాసులు, గిన్నెలు, పూలకూజాలు తయారైన ఊళ్ళు ఇవి. కొలిమికి చవకైన బొగ్గు, సహజవాయువు, సరుకు రవాణాకు ఒహాయో నది, రైలు మార్గాలు ఉండడంతో ఈ లోయలో గాజు కర్మాగారాలు బారులు తీరాయి. ఈసారి దర్శనానికి తొందరపడకుండా, దారి పొడవునా ఆగుతూ వెళ్ళాం.

నెవార్క్‌లోని హైసీ మ్యూజియం 1831లో కట్టిన పాత ఇంట్లో ఉంది. హైసీ కర్మాగారం 1896 నుంచి 1957 వరకు నడిచింది. వజ్రాకారం గడిలో హెచ్ అక్షరం దాని గుర్తు. గదుల నిండా రంగురంగుల గాజుసామాను, గాజు గుర్రాలు, బాతులు ఉన్నాయి. కళ్ళు చెదిరాయి. అయితే గాజు గురించి ఏమీ తెలియకుండా వెళ్ళేవారు ముందు కేంబ్రిడ్జ్ చూసి, ఆ తర్వాత ఇక్కడికి రావడం మేలు.

ఎందుకంటే, గాజు మీద పువ్వులూ తీగెలూ ఎలా పుట్టాయో నాకు అర్థమైంది కేంబ్రిడ్జ్ మ్యూజియంలోనే. 1902లో మొదలై, మధ్యలో ఒకసారి మూతపడి తెరుచుకుని, 1958లో శాశ్వతంగా ఆగిపోయిన కేంబ్రిడ్జ్ కంపెనీ సరుకు అక్కడ ఉంది. రోజ్ పాయింట్ అనే గులాబీల నమూనాకు ఈ కంపెనీ పెట్టింది పేరు. డిజైను చెక్కిన ఉక్కు పలక మీద మైనం పూసి, దాని అచ్చును పల్చటి కాగితం మీదికి ఎత్తేవారు. ఆ కాగితాన్ని గ్లాసుకు అంటించి తీసేస్తే, పువ్వుల గీతలను వదిలి వాటి చుట్టూ మైనం గాజు మీద నిలిచిపోతుంది. నమూనా లేని మిగతా గ్లాసుకంతా చేత్తో మైనం పూసి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచేవారు. మైనం లేనిచోట మాత్రం ఆమ్లం గాజును తినేస్తుంది, అదే పువ్వు. ఆ తర్వాత వేడినీళ్ళతో మైనం కడిగేయడమే. ఒక్క గ్లాసు ఇన్ని చేతులు మారేదని తెలిశాక ఆ గులాబీలను చూసే తీరే మారిపోయింది. తొందరపడి చూసే చోటు కాదు, పూట కేటాయించండి. ఈ చిన్న మ్యూజియాలు ఏడాది పొడవునా ఒకే వేళల్లో ఉంటాయని అనుకోకుండా, ముందే ఫోను చేసి వెళ్ళండి.

వీలింగ్‌లో ఆగ్లేబే పార్కు లోపలి గాజు మ్యూజియానికి జనం వచ్చేది స్వీనీ పంచ్ బౌల్ కోసం. 1844లో చేసిన ఆ సీసపు గాజు పాత్ర దాదాపు అయిదు అడుగుల ఎత్తు, 225 పౌండ్ల బరువు. నిజంగా చూడదగ్గదే. కానీ నా దృష్టిలో వీలింగ్ గొప్పదనం వేరే ఉంది. 1864లో విలియం లైటన్ ఇక్కడి హాబ్స్ కర్మాగారంలో ఖరీదైన సీసం బదులు సోడా, సున్నం కలిపి తేటైన గాజు తయారుచేసే పాళ్ళు కుదిర్చాడు. ఆ గాజు తేలిక, చవక. త్వరగా చల్లారుతుంది కాబట్టి పనివాళ్ళు అచ్చులో గబగబా ఒత్తాల్సి వచ్చేది, దాంతో ఉత్పత్తీ పెరిగింది. సీసపు గాజులా ఖంగుమని మోగకపోయినా, మామూలు కుటుంబాల బల్ల మీదికి అందమైన గాజును తెచ్చింది ఆ మిశ్రమమే.

అక్కడి నుంచి దక్షిణంగా కొద్ది దూరంలో మౌండ్స్‌విల్. ఒహాయోలోని ఫోస్టోరియా ఊళ్ళో 1887లో పుట్టిన ఫోస్టోరియా గాజు కంపెనీ, అక్కడ సహజవాయువు తగ్గిపోవడంతో 1891లో ఇక్కడికి తరలివచ్చింది. 1915లో వచ్చిన ‘అమెరికన్’ నమూనా, అంటే చిన్న చిన్న ఘనాలు పేర్చినట్టుండే గాజు, దశాబ్దాల పాటు అమ్ముడైంది. కర్మాగారం 1986లో మూతపడింది. ఫోస్టోరియా గాజు అభిమానుల సొసైటీ నడిపే మ్యూజియం చిన్నదే, త్వరగా చూసేయొచ్చు.

బసకు డబ్బు ఫరవాలేదనుకుంటే ఆగ్లేబే పార్కులోని లాడ్జి హాయి: కొండల మధ్య నిద్ర, నడిచే బాటలు, పక్కనే మ్యూజియం. రహదారి కూడలిలో ఉండే మోటళ్ళు చవకే కానీ, మేం దిగిన చోట లారీల రొద తెల్లవార్లూ ఆగలేదు. శాకాహారులకు, పెద్దవాళ్ళతో వచ్చేవారికి నా సలహా మౌండ్స్‌విల్ దగ్గరి న్యూ బృందావన్, అంటే హరేకృష్ణ భక్తుల ఆశ్రమం. ఆలయ దర్శనం, సాత్విక భోజనం, సాదా గదులు అన్నీ ఒకే ఆవరణలో దొరుకుతాయి. పండుగ రోజుల్లో మాత్రం గది ముందే చెప్పి ఉంచుకోవాలి.

కార్నింగ్ మ్యూజియం వీటికి సాటి కాదా అని అడిగేవారుంటారు. 3,500 ఏళ్ళ గాజు చరిత్ర కావాలంటే న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్‌కే వెళ్ళాలి. వంటింటి గాజు మీద మనసున్నవారికి మాత్రం ఈ లోయే ముందు.

పాత సామాను దుకాణాల్లో కొనాలనిపిస్తే, 1930ల మాంద్యం నాటి గులాబీ, ఆకుపచ్చ పళ్ళేలు చూడండి. యంత్రాలతో వేలకు వేలు ఒత్తి, ఓట్స్ పెట్టెల్లోనూ సినిమాహాళ్ళలోనూ ఉచితంగా పంచిన సరుకది. హైసీ గుర్తును చూసి మాత్రం ఎక్కువ ధర పెట్టకండి. 1958లో ఆ అచ్చులు కొన్న ఇంపీరియల్ కంపెనీ కొన్నాళ్ళు గుర్తు తీయకుండానే వస్తువులు పోసింది. నెవార్క్‌లో అసలు రంగులు బాగా చూసుకున్నాకే బేరానికి దిగండి.